బూడిదను సాకుగా చూపొద్దు

2021 ఏప్రిల్ 18న దక్షిణాఫ్రికాలోని టేబుల్ మౌంటెన్ వాలుల్లో రేగిన కార్చిచ్చు కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలోని జాగర్ గ్రంథాలయాన్ని కాల్చివేసింది. ఆఫ్రికా అధ్యయనాల కోసం దశాబ్దాలుగా కూడబెట్టిన సుమారు 70 వేల ముద్రిత ప్రతుల్లో అత్యధిక భాగం, 3,500 దాకా చలనచిత్రాల డీవీడీలు బూడిదయ్యాయి. అగ్నినిరోధక తలుపులు వెంటనే మూసుకోవడంతో నేలమాళిగలకు మంట చేరలేదు గానీ, ఆర్పడానికి కొట్టిన నీళ్లు చేరాయి. దక్కినవాటిలో 19వ శతాబ్దంలో భాషా పరిశోధకులు బ్లీక్, లాయిడ్ రాసుకున్న నోటు పుస్తకాలున్నాయి. జైలు నుంచి వచ్చిన, దక్షిణాఫ్రికా ఆదిమ తెగ క్సామ్‌కు చెందిన ఖైదీలు చెప్పిన కథలు వారి భాషలోనే ఒకవైపు, ఇంగ్లీషులో మరోవైపు వాటిలో కనిపిస్తాయి. నేడు ఆ భాష మాట్లాడేవారే లేరు.

కొండ పక్కనున్న గ్రంథాలయానికి మరింత రక్షణ ఉండాల్సిందని, పుస్తకాల డిజిటల్ ప్రతులు ఎప్పుడో సిద్ధం కావాల్సిందని అంటున్నవారి మాట కొట్టిపారేయదగ్గది కాదు. మమ్మల్ని కలవరపెడుతున్నది మరొకటి. ఆఫ్రికా సంపద ఆఫ్రికా చేతుల్లో భద్రంగా ఉండదన్న పాత వాదనకు ఈ బూడిద కొత్త సాక్ష్యం కాబోతోంది. 1868లో ఇథియోపియాలోని మగ్దలా కోటను కొల్లగొట్టి తెచ్చిన సుమారు 350 రాతప్రతులు నేటికీ బ్రిటిష్ లైబ్రరీలోనే ఉన్నాయి. వాటిని తిరిగివ్వమని అడిగిన ప్రతిసారీ ఇక కేప్‌టౌన్ మంటనే చూపిస్తారు.

2004లో జర్మనీలోని వైమార్‌లో అన్నా అమాలియా గ్రంథాలయం కాలి 50 వేల పుస్తకాలు నాశనమయ్యాయి. 2009లో కొలోన్ నగర ఆర్కైవ్ భవనమే కుప్పకూలింది. జర్మనీకి కాగితాలు కాపాడుకోవడం చేతకాదని, మిగిలినవి వేరే దేశానికి అప్పగించాలని ఎవరైనా అన్నారా? అగ్ని ప్రమాదం ఐరోపాలో జరిగితే దురదృష్టం, ఆఫ్రికాలో జరిగితే అసమర్థత! ఇంతకంటే కపటం ఉంటుందా?

పైగా ఈ నీతులు వల్లించేదెవరు? వలస రాజ్యాలను వదిలి వెళ్తూ, తమ ప్రభుత్వానికి తలవంపులు తెచ్చే పత్రాలను కొత్త ప్రభుత్వాల చేతికి చిక్కనివ్వొద్దని 1961లో ఆదేశించింది లండనే. కొన్నింటిని తగలబెట్టారు. బరువులు కట్టిన పెట్టెల్లో పెట్టి కొన్నింటిని లోతైన సముద్రంలో ముంచేయమన్నారు. మిగిలినవాటిని ఓడల్లో, విమానాల్లో తరలించారు. కెన్యాలో బ్రిటిష్ పాలనపై తిరగబడ్డ మౌమౌ ఉద్యమ కాలంలో చిత్రహింసలు అనుభవించిన వృద్ధులు లండన్ కోర్టుకెక్కితే తప్ప, 37 పూర్వ వలస రాజ్యాలకు చెందిన 8,800 దస్త్రాలు హాన్‌స్లోప్ పార్క్ అనే ప్రభుత్వ స్థావరంలో దాచి ఉన్నాయని 2011లో ఆ ప్రభుత్వం ఒప్పుకోలేదు. దక్షిణాఫ్రికాలో నిప్పు ప్రమాదవశాత్తూ గ్రంథాలయానికి అంటుకుంది. బ్రిటిష్ అధికారులు నిప్పును చేత్తో పెట్టారు.

ఇది మనకు సంబంధంలేని ఊసు కాదు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో తెలుగువారూ ఉన్నారు. వారి బతుకుల ఆనవాళ్లు కూడా ఆ దేశపు కాగితాల్లోనే మిగిలాయి.

జాగర్ గ్రంథాలయానికి సానుభూతి సందేశాలు పంపిన ఐరోపా సంస్థలు ముందు తమ బీరువాల తాళాలు తియ్యాలి. తమ దగ్గరున్న ఆఫ్రికా ముద్రణల నకళ్లను కేప్‌టౌన్‌కు ఉచితంగా పంపాలి, అసలు రాతప్రతులను వాటి సొంతదారులకు అప్పగించాలి. కెన్యా దస్త్రాలు ఇంకా లండన్‌లోని క్యూలో ఉన్న బ్రిటన్ జాతీయ ఆర్కైవ్‌లోనే ఎందుకున్నాయో బ్రిటన్ చెప్పాలి. చెప్పలేకపోతే, భద్రత గురించి ఆఫ్రికాకు పాఠాలు చెప్పడం మానుకోవాలి.