మోటారు ఆరోగ్యం బ్రహ్మాండం, నీళ్లే లేవు

మా అనంతపురం జిల్లా రైతులకు సేవల నాణ్యతను అంచనా వేయడం బొత్తిగా చేతకాదు. ఈ మాట బాధతోనే రాస్తున్నాను. 1988లోనే పరశురామన్, జైథామ్ల్, బెర్రీ అనే ముగ్గురు పండితులు ‘సెర్వ్‌క్వాల్’ అని పేరుపెట్టి ఐదు కొలమానాలు ఇచ్చారు. పైకి కనిపించే హంగులు, మాట నిలబెట్టుకోవడం, పిలిస్తే పలకడం, భరోసా, ఎదుటివాడి బాధ తెలుసుకోవడం. ఐదూ వదిలేసి మావాళ్లు ఒకటే అడుగుతారు: నీళ్లు పడుతున్నాయా?

ఇప్పుడు బోరు మోటారుకూ ఒక సేవ వచ్చింది. కంపెనీలు మోటారును ఆన్, ఆఫ్ చేసే స్టార్టర్ పెట్టె వట్టిగా అమ్మవు. అందులో సిమ్ పెట్టి, డేటా సేవ కూడా అమ్ముతాయి. బోరులో నీళ్లు అడుగంటితే మోటారు లాగే కరెంటు, అదే ఆంపియర్లు, పడిపోతాయి. పెట్టె అది పసిగట్టి మోటారు ఆపేసి, ఫోనుకు ‘డ్రై రన్’ అని ఇంగ్లీషులో మెసేజ్ కొడుతుంది. మోటారు కాలకుండా బతికిపోతుంది, నిజంగా మంచి పనే. చేను సంగతి ఆ పెట్టె పరిధిలోకి రాదు.

కళ్యాణదుర్గం వైపు ఒక పెద్దాయన పొలానికి కంపెనీ కుర్రాడు ట్యాబ్ పట్టుకొచ్చాడు. ఎండుతున్న శనగచెట్ల మధ్య నిలబడి, “పెద్దాయనా, మీ మోటారు ఆరోగ్యం బ్రహ్మాండంగా ఉంది” అని పచ్చగీత చూపించాడు. ఆ పొలంలో పచ్చగా ఉన్నది అదొక్కటే.

“నీళ్లు యాడికి పోయినాయో చెప్తాదా నాయనా, ఆ గీత?”

“అది మా డేటాలో రాదు. రేటింగ్ మాత్రం ఇవ్వండి.”

పెద్దాయన మనవడి చేత ఐదు చుక్కలూ నొక్కించాడు. ఎందుకయ్యా అంటే, “పాపం, పిల్లోడు ఇంత ఎండలో వచ్చినాడు” అన్నాడు. ఆఫీసులో ఈపాటికి ఆ ఐదు చుక్కలూ డేటా సేవ ఖాతాలో జమైపోయి ఉంటాయి. కుర్రాడి చెమటకు ఏ కాలమ్‌లోనూ చోటుండదు.

మొదటి ఏడాది ఉచితం, ఆపైన చందా కట్టాలట. కట్టకపోతే మెసేజ్ రాదు. పెద్దాయనకు పెద్ద టెన్షనేమీ లేదు. పైపులో ధార సన్నబడగానే ఆయన భార్య గట్టు మీది నుంచి వేసే కేక పక్క ఊరికి వినపడుతుంది. సిగ్నల్ అక్కర్లేదు, అచ్చ తెలుగు, పైగా తప్పెవరిదో కూడా అందులోనే తేలిపోతుంది. కంపెనీవారు ముందు ఆవిడను ఐదు కొలమానాలతో కొలిచి చూసుకుని, ఆ తర్వాత చందా ఎంతో చెబితే బాగుంటుంది.