సూక్ష్మజీవులకున్న పద్ధతి జిల్లాలకేదీ?

మన జిల్లాలను విడగొట్టిన తీరు చూశాక ఒక నిర్ణయానికొచ్చాను. ఈ పనిని సముద్రపు బ్యాక్టీరియాకు పేర్లు పెట్టేవాళ్లకు అప్పగించాలి. ఎగతాళి అనుకోకండి, ముందు వాళ్ల పద్ధతి చూడండి.

మైపాడు తీరంలో చెంచాడు బురద తీశారనుకోండి. ఉప్పునీళ్లలో పలచన చేసి, మళ్లీ పలచన చేసి, మెరైన్ అగర్ (సూక్ష్మజీవులు పెరిగే ఉప్పు జెల్లీ) పళ్లెం మీద పూస్తారు. నాలుగు రోజులకు బ్యాక్టీరియా గుంపులు చుక్కలుగా లేస్తాయి. తెల్లవి, పసుపువి, అదృష్టం ఉంటే ఓ నారింజ రంగుది. సముద్రపు నీటిలో మిల్లీలీటరుకు దాదాపు పది లక్షల బ్యాక్టీరియా ఉంటాయి గానీ, పళ్లెం మీదికి రమ్మంటే వచ్చేవి నూటికి ఒకటి కూడా ఉండవు. (మన గ్రామసభల హాజరూ ఇంచుమించు ఇంతే.) వచ్చిన ఆ నారింజ చుక్కను పట్టుకుని బ్యాక్టీరియా అన్నిట్లోనూ ఉండే 16ఎస్ అనే జన్యువులోని దాదాపు 1500 అక్షరాలూ చదువుతారు. తెలిసిన జాతులతో పోలిక 98.7 శాతానికి తగ్గితే కొత్తదని ఆశ పుడుతుంది. అప్పటికీ నమ్మరు. జీనోమ్, అంటే దాని డీఎన్‌ఏ, మొత్తం పోల్చి చూస్తే 95 శాతానికి అటూ ఇటూ ఉన్న గీత దాటకూడదు. ఒంట్లో కొవ్వు ఏ రకం, ఎంత ఉప్పు ఓర్చుకుంటుంది, ఏ వేడికి పెరుగుతుంది, అన్నీ రాయాలి. చివరికి ప్రాణమున్న నమూనాను రెండు వేర్వేరు దేశాల్లో భద్రపరిస్తేనే పేరు చెల్లుతుంది.

కంటికి కనపడని దానికే ఇంత విచారణ. 1970లో నెల్లూరు నుంచి కొంత, గుంటూరు నుంచి కొంత, కర్నూలు నుంచి కొంత కోసి ఒంగోలు జిల్లా కుట్టినప్పుడు, ఉప్పుగాలి చీరాలకీ నల్లమల పక్క గిద్దలూరుకీ పోలిక ఎంత శాతమో ఎవరైనా చూశారా?

పేర్ల సంగతీ అంతే. బ్యాక్టీరియాలో నియమం ప్రకారం ముందు ప్రకటించిన పేరుకే హక్కు. ఆ లెక్కన ఒంగోలు జిల్లా 1972లో ప్రకాశం జిల్లా కాకూడదు. ప్రకాశం పంతులుగారి మీద భక్తిలో నేనెవరికీ తీసిపోను, నియమం చెబుతున్నానంతే. సూక్ష్మజీవశాస్త్రంతో, పోనీ ప్రకృతి శాస్త్రంతోనైనా సంబంధం లేనివాళ్ల పేర్లు ప్రజాతులకు (దగ్గరి జాతుల గుంపులకు) పెట్టొద్దని కూడా ఆ నియమావళి సలహా ఇస్తుంది. అలాంటి సలహా మన దగ్గర అమలైతే సగం పథకాలు తెల్లారేసరికి అనామకాలవుతాయి.

ఒక జాతిని వేరే ప్రజాతిలోకి మారిస్తే మొదట వర్ణించినవారి పేరు బ్రాకెట్లో నిలుస్తుంది. మన కందుకూరు నెల్లూరులో ఉండి, 1970లో ఒంగోలుకు పోయి, 2022లో మళ్లీ నెల్లూరుకొచ్చింది. ఒక్క బ్రాకెట్టయినా దక్కిందా పాపం!

ఈ ప్రతిపాదనంతా ఇందుకూరుపేట వైపు ఓ రొయ్యల గుంట గట్టు మీద చదివి వినిపించాను. రైతు ఓపిగ్గా విని, "పేరేదైతే ఏంది సామీ, అది నా రొయ్యను చంపుద్దా, లేదా?" అన్నాడు.

గట్టి ప్రశ్న. సీడ్ (రొయ్య పిల్లలు) వదిలిన నెల రోజుల్లోనే గుంటను ఖాళీ చేయగల విబ్రియో పారాహీమోలిటికస్ అనే బ్యాక్టీరియానే తీసుకోండి. విషం ఆ జాతి మొత్తంలో లేదు, కొన్ని మాత్రమే మోసే ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్టలో ఉంది. చుట్ట ఉన్నది చంపుతుంది. లేనిది అదే పేరుతో, అదే నీళ్లలో, రొయ్య జోలికి పోకుండా తిరుగుతుంది. పైగా ఆ చుట్ట వేరే విబ్రియోల చేతికీ చిక్కుతుంది.

ఇదంతా వివరించాను. ఆయన నా కాగితాలు మడిచి నా చేతికిచ్చి, కొడుకువైపు తిరిగి, "రేపొచ్చే సీడ్‌ని పీసీఆర్ పరీక్షకి పంపించు అబ్బయా. పేరు రాయకపోయినా పర్లేదు, చుట్ట ఉందో లేదో రాయమను" అన్నాడు.