గాజు బీరువాలోని బొమ్మ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ మా నర్సింగ్ కళాశాల స్కిల్ ల్యాబులో, రోగికి బదులు మేము చెయ్యి తిప్పుకోవడానికని కొని, గాజు బీరువాను అలంకరించిన బొమ్మ గారి సముఖమునకు, నాలుగేళ్లపాటు తమను అద్దంలోంచి మాత్రమే దర్శించుకుని పట్టా పుచ్చుకున్న ఒక స్టాఫ్ నర్సు నమస్కరించి వ్రాయునది.

తమరి క్షేమం గురించి అడగనవసరం లేదు. తాళంచెవి మేడమ్ గారి బ్యాగులో ఉన్నంతకాలం తమరికి ఏ ఆపదా రాదు. కొన్ననాటి ప్లాస్టిక్ కవరు ఇంకా ఒంటిమీదే ఉండి ఉంటుంది. తమరి పూర్వులకు ఈ భాగ్యం లేదు పాపం. 1911లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి కోసం మార్తా చేజ్ అనే బొమ్మల తయారీదారు చేసిచ్చిన ‘మిసెస్ చేజ్’ను విద్యార్థినులు ఎత్తి, దించి, పక్క మార్చి నానా చాకిరీ చేయించారు. 1960లో నార్వేలో ఆటబొమ్మల వ్యాపారి లేర్డల్ తయారుచేసిన ‘ఆన్’ అయితే కనబడినవారందరి చేతా నోట్లోకి ఊపిరి ఊదించుకోవడానికి పుట్టి, ఛాతీ కూడా నొక్కించుకుంది.

తమరు మాత్రం ఇన్‌స్పెక్షన్ రోజున కొత్త దుప్పటి కప్పుకుని, బృందం వారి కారు గేటు దాటగానే మళ్లీ లోపలికి వేంచేసేవారు. ఆగిన గుండెను ఛాతీ నొక్కి ఆదుకునే సీపీఆర్ పాఠం నాడు అరవైమందిలో ఒక్కరు తమరిని నొక్కారు, తక్కినవాళ్లం రికార్డు పుస్తకంలో బొమ్మ వేశాం. కనీసం అయిదు సెంటీమీటర్ల లోతు నొక్కాలన్న సంగతి నా స్కేలుకు తెలిసింది గానీ అరచేతికి తెలియలేదు. లాగ్‌బుక్కులో ‘స్వయంగా చేసినవి’ అనే గడులన్నీ ఒక సాయంత్రం ఒకే పెన్నుతో నిండిపోయాయి.

కాబట్టి నా మొదటి ఐవీ క్యాన్యులా, అంటే సెలైన్ ఎక్కించేందుకు నరంలో పెట్టే సన్నని గొట్టం, తమరికి కాక, జనరల్ వార్డులో ఒక అవ్వకు దక్కింది. నరం తేలేలా చేతికి టోర్నికే పట్టీ బిగించి, స్పిరిట్ దూదితో తుడిచి, గులాబీరంగు ఇరవై గేజి సూదిని ఏ కోణంలో పెట్టాలో లోలోపల వల్లించుకుంటూ గుచ్చితే నరం పక్కకు జారిపోయింది. రెండోసారి లోపలికి వెళ్లింది గానీ సెలైన్ పెట్టగానే చెయ్యి ఉబ్బింది. మూడోసారికి నా చేతులు వణుకుతుంటే అవ్వే నాకు ధైర్యం చెప్పింది: “కంగారుపడకు పాపా, ఈ చెయ్యి కాకపోతే ఆ చెయ్యి ఉందిగా.”

నిజానికి ఆ మాట అనవలసింది తమరు.

తమరిని తాకనివ్వకపోవడానికి కారణం నాకు తరవాత తెలిసింది. తమరి పేరు కళాశాల శాశ్వత సామాన్లు రాసుకునే డెడ్ స్టాక్ రిజిస్టరులో ఉందట, చర్మం చిరిగితే ఆడిట్‌లో జవాబు చెప్పుకోవాలట. చేతి తొడుగూ, లోపలి రబ్బరు నరాలూ అరిగితే మార్చుకునేందుకు విడిగా అమ్ముతారని ఆ రిజిస్టరుకు ఎవరూ చెప్పలేదు కాబోలు. అవ్వ చేతి మీది నల్లటి మచ్చలకైతే ఏ రిజిస్టరులోనూ గడి లేదు.

అందుచేత తమరు పెద్దమనసు చేసుకుని, ఈసారి కొత్త బ్యాచి పిల్లలు ఆసుపత్రి డ్యూటీకి బయలుదేరేలోపు ఒక్క నెల బీరువా దిగి, ఆ ఎడమచెయ్యి ఇలా బల్ల మీద పెట్టగలరని మనవి.

ఇట్లు,
తమరిని ఇంతవరకు ముట్టుకోని,
పూర్వ విద్యార్థిని