"గదే మందు బాపూ, పేరే వేరు" అంట!

హన్మకొండల ఒక మందుల షాపు. ఇప్పుడే కండ్లార చూసిన, ఇంకా మండుతనే ఉన్నది. పెద్దమనిషి చీటీ ఇచ్చిండు. పార్కిన్సన్స్, అంటే వణుకు, బిగుసు తెచ్చే మెదడు రోగానికి రాసిన చీటీ. సిండోపా ప్లస్, రోజుకు మూడు. స్టాక్ లేదని షాపాయన సిండోపా 110 పట్టీ తెంపిచ్చిండు. "గదే మందు బాపూ, పేరే వేరు." బాపు తలూపి, సంచిల వేసుకొని భూపాలపల్లి బస్సుకు ఉరికిండు.

గదే ఎట్లయితదయ్యా? ఒక్కో గోళీల రెండు మందులుంటయ్: మెదడుకు పోయి డోపమైన్ (ఒళ్లు కదిలించనీకి మెదడుకు కావాల్సిన రసాయనం)గ మారే లెవోడోపా, దానికి తోడు కార్బిడోపా. లెవోడోపా రెండిట్ల 100 మిల్లీగ్రాములే, సరే. కార్బిడోపా ప్లస్‌ల 25, నూటపదిల 10. లెవోడోపా మెదడుకు చేరకముందే ఒంట్లనే డోపమైన్‌గ మారకుండ ఆపేది ఈ కార్బిడోపానే. దానికి రోజుకు 70 నుంచి 100 మిల్లీగ్రాములు కావాలె. మూడు ప్లస్‌లు మింగితే 75. మూడు నూటపదులు మింగితే ముప్పయ్యే! మందు దారిలనే ఖర్చయితది, మెదడుకు చేరేది తగ్గుతది, కడుపుల తిప్పుతది.

అసలు కత అప్పుడు మొదలు. వాంతికొస్తుందని బాపు మళ్ల వస్తడు. షాపాయనో, గల్లీల ఆర్ఎంపీనో మెటోక్లోప్రమైడ్ గోళీ చేతుల పెడ్తరు. మెదడుల డోపమైన్ పనిచేసే కాడనే అడ్డం పడే మందు అది. ఒక చేత్తోటి పెట్టి ఇంకో చేత్తోటి గుంజుకునుడన్నట్టు. మనిషి కొయ్యబారిపోతడు, ఇంట్లోళ్లేమో "రోగం ముదిరింది" అని ఏడుస్తరు. రోగం ముదరలే, చీటీ ముదిరింది! గీ రోగమున్నోళ్లకు వాంతికి ఇచ్చేది డోంపెరిడోన్, అది కూడ గుండె సంగతి చూసుకొని డాక్టర్ రాస్తేనే.

ఇగ గ్యాస్ గోళీ. మన ఊర్లల్ల గ్యాస్ లేని మనిషున్నడా? పాంటాప్రజోల్‌ల లెవోసల్పిరైడ్ కలిపిన గోళీ ఏండ్లకేండ్లు మింగుతనే ఉంటరు. కండ్లు తిరిగితే సిన్నరిజిన్, అది కూడ "తగ్గేదాంక". లెవోసల్పిరైడ్, సిన్నరిజిన్ కూడ డోపమైన్‌కు అడ్డం పడేటియే. ఏ పార్కిన్సన్స్ లేనోళ్లకు కూడ ఇవి వణుకు తెస్తయ్, కాళ్లుచేతులు బిగవడ్తయ్, అడుగులు చిన్నగయితయ్. మందు ఆపితే చాలామందికి కొన్ని వారాలల్లనో, నెలలల్లనో తగ్గుతది. కని ఎవ్వరడగాలె? వణుకుకు ఇంకో గోళీ రాసుడు సులువాయె. ట్రైహెక్సీఫెనిడిల్ రాస్తరు, డెబ్బయ్యేండ్ల ముసలవ్వకు మూత్రం బందయితది, మతిమరుపొస్తది. దానికి మళ్లొక గోళీ. న్యూరాలజిస్టు కాడికి పోయేటప్పుడు ఇంట్ల ఉన్న పట్టీలన్నీ, గ్యాస్‌వి కూడ, సంచిల వేసుకపోండ్రి.

ఇంకోటి, "ఎంఆర్ఐ నార్మల్ వచ్చింది, ఏం లేదు" అని సంబురపడేటోళ్లు. పార్కిన్సన్స్‌ల మామూలు ఎంఆర్ఐ చాలావరకు నార్మలే వస్తది. వేరే రోగమేమన్న ఉన్నదా అని చూడనీకి తీస్తరు దాన్ని. రోగాన్ని పట్టేది డాక్టర్ కన్ను, చెయ్యి. బొటనవేలుకు చూపుడువేలు తాకించుమంటడు. పోను పోను తాకుడు చిన్నగయితదా, నడుమ ఆగుతదా చూస్తడు. మణికట్టు వంచి బిగుసు చూస్తడు. నడిపించి, ఒక చెయ్యి ఊగుతలేదా చూస్తడు, ఎందుకంటే ఇది ముందు ఒక పక్కనే మొదలయితది. చాయ్ గ్లాసు లేపితేనే వణికే చేతులు చాలాసార్లు వేరే వణుకు. ఒళ్లె ఊరికె పెట్టుకున్న చెయ్యి వణికితే అనుమానపడాలె. అసలు వణుకే లేనోళ్లు కూడ ఉంటరు! బ్యాంకుల సంతకం చిన్నగయి కలుస్తలేదంటే, భుజం పట్టేసిందంటే, "ముసలితనం" అని నూనె మర్దన చేసుకుంట కూసుంటరు. లేకుంటే "నరాల బలహీనత" అని బీ12 సూదులు.

మందు మొదలైనంక కూడ పాలల్ల మింగుడు, పప్పన్నం తిని మింగుడు. మాంసకృత్తులు లెవోడోపాకు పోటీ వస్తయ్. తినే ముందు అరగంట, లేకుంటే తిన్నంక గంట, రెండు గంటలు ఆగి మింగాలె. కడుపుల తిప్పితే రెండు ఉప్పు బిస్కెట్లు తినుండ్రి. సీఆర్ గోళీని, అంటే మెల్లమెల్లగ మందు వదిలేదాన్ని, పొడి చెయ్యొద్దు. "తగ్గింది కదా" అని ఒక్కసారే ఆపితే ఒళ్లు బిగుసుకపోయి, జొరం మండి, ప్రాణం మీదికొస్తది.

కాలు విరిగో, జొరమొచ్చో దవాఖానల పడ్డప్పుడు కూడ గంతే. "రౌండ్స్ అయినంక ఇస్తం" అంటరు. ఎనిమిది గంటల గోళీ ఎనిమిదికే పడాలె. మింగే టైములన్నీ కాగితం మీద పెద్దక్షరాలల్ల రాసి మంచం కాడ అతికించుండ్రి, గోళీలు ఇంటినుంచే తీసుకపోయి డాక్టర్‌కు చూపెట్టుండ్రి. సిస్టరమ్మ కసురుకుంటే కసురుకోనియ్యిండ్రి.