ప్రావిన్షియల్ ఎన్నికలు ఆపడానికి దిసనాయకేకు ఇక సాకు మిగల్లేదు

2025 మేలో జరిగిన శ్రీలంక స్థానిక ఎన్నికల్లో అధ్యక్షుడు అనుర కుమార దిసనాయకే నేతృత్వంలోని అధికార నేషనల్ పీపుల్స్ పవర్ 260కి పైగా మండళ్లలో మొదటి స్థానంలో నిలిచింది. ఆరు నెలల ముందు పార్లమెంటు ఎన్నికల్లో 61 శాతం దాటిన దాని ఓట్లు మాత్రం 43 శాతానికి జారాయి. కొలంబోలో 117 స్థానాలకు 48 మాత్రమే దక్కడంతో మేయర్ పదవిని రహస్య ఓటింగులో గెలుచుకోవాల్సి వచ్చింది.

అన్నిటికంటే పెద్ద హెచ్చరిక తమిళ ఉత్తరాది నుంచి వచ్చింది. 2024 నవంబరులో జాఫ్నా జిల్లా ఈ కొలంబో పార్టీని నమ్మి మొదటి స్థానం ఇచ్చింది. ఊరి పాలన దగ్గరకు వచ్చేసరికి అక్కడి ఓటర్లు మళ్లీ తమిళుల పార్టీ అయిన తమిళ అరసు కట్చి వైపు మళ్లారు. అవినీతిని కడిగేస్తామన్న హామీ వారికి నచ్చింది. కానీ తమ నేల మీద నిర్ణయాలు తామే తీసుకోవాలన్న కోరికను వారు వదులుకోలేదు.

ఆ కోరికకు చట్టం చూపిన చోటు ప్రావిన్షియల్ కౌన్సిళ్లు, అంటే ప్రావిన్సు స్థాయిలో ఎన్నికయ్యే పాలక మండళ్లు. 1987 నాటి భారత్-శ్రీలంక ఒప్పందం, దాని వెంట వచ్చిన 13వ రాజ్యాంగ సవరణ వాటిని పుట్టించాయి. 2014 తర్వాత వాటికి ఎన్నికలే లేవు. తొమ్మిది ప్రావిన్సులనూ అధ్యక్షుడు నియమించిన గవర్నర్లే నడుపుతున్నారు.

ఎన్నికల విధానాన్ని 2017లో మార్చారనీ, కొత్త నియోజకవర్గాల హద్దుల నివేదికను 2018లో పార్లమెంటే తిరస్కరించిందనీ, ఆ చిక్కుముడి విప్పనిదే ఎన్నికలు సాధ్యం కావనీ ప్రభుత్వం అంటోంది. చిక్కుముడి నిజమే. అయితే దాన్ని విప్పడానికి ఒక్క సవరణ చట్టం చాలు. ఓట్ల నిష్పత్తిలో పార్టీలకు సీట్లు ఇచ్చే పాత దామాషా పద్ధతిలోనే ఈసారి ఎన్నికలు జరపవచ్చని అందులో రాస్తే సరిపోతుంది. 225 మంది సభ్యుల సభలో 159 మంది ఉన్న పార్టీకి అది ఎంత పని? దారి తెలుసు, బలం ఉంది, అయినా కదలడం లేదంటే అడ్డు చట్టంలో లేదు, కొలంబో మనసులో ఉంది.

2023లో ఖజానా ఖాళీ అంటూ అప్పటి అధ్యక్షుడు రణిల్ విక్రమసింఘే ప్రభుత్వం స్థానిక ఎన్నికలను ఆపినప్పుడు వీధుల్లోకి వచ్చి నిలదీసినవారిలో దిసనాయకే పార్టీ ఉంది. ఆ వాయిదా ప్రాథమిక హక్కుల ఉల్లంఘన అని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో తేల్చింది. రెండేళ్ల వాయిదా హక్కులకు భంగమైతే, దశాబ్దం దాటిన వాయిదా ఏమవుతుందో అధ్యక్షుడు తమిళ ఓటర్లకు చెప్పాలి, ఎన్నికల తేదీతో పాటు.