దొడ్డిదారి తుపాకి

తుపాకికి మందు మూతిలోంచి కూరడమే మర్యాద. సిపాయి నిటారుగా నిలబడి గొట్టంలో మందు పోసి, గుండు వేసి, గజం అనే ఇనుప కడ్డీతో తీరిగ్గా కుక్కాలి. ఈలోగా అవతలివాడు కాల్చేస్తే అది వాడి సంస్కారం. ఇంత చక్కటి ఆచారాన్ని అమెరికాలో చెడగొట్టినవాడు పోర్ట్‌లాండ్ వాసి జాన్ హాల్. గొట్టం వెనక కొసన ఒక ఇనుప దిమ్మ పెట్టాడు. అడుగునున్న మీట నొక్కితే దిమ్మ మూతి పైకి లేస్తుంది. అందులో మందూ గుండూ వేసి అణిచేస్తే సరి. నేలమీద పడుకుని ఉండగానే పని కానిచ్చుకోవచ్చు. ఇది దొడ్డిదారి కాక మరేమిటి?

దొడ్డిదారి కనబడ్డాక పెద్దలు ఊరుకుంటారా! 1811లో పేటెంటు అడిగితే, ఆ ఆఫీసు అధిపతి విలియం థార్న్‌టన్ గారు ఈ ఆలోచన తనకెప్పుడో వచ్చిందని సెలవిచ్చారు. పేటెంటు ఇద్దరి పేరా వచ్చింది. అమెరికా కాపిటల్ భవనానికి తొలి నమూనా గీసిన మహానుభావుడికి ఇనుప దిమ్మలో సగం వాటా ఒక లెక్కా?

1819లో సైన్యం వెయ్యి తుపాకులు అడిగింది. హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారంలో హాల్ తుపాకులు మానేసి ముందు యంత్రాలు చేస్తూ కూర్చున్నాడు. వెయ్యి పూర్తయ్యేసరికి ఐదేళ్లు దాటింది. పైవాళ్లు పళ్లు నూరారు. 1826లో తనిఖీకి వచ్చినవాళ్లు వంద తుపాకుల్ని ఊడదీసి, భాగాలన్నీ కలగాపులగం చేసి, కొత్త కొయ్యలకి బిగించి చూశారు. ఆకురాయి ముట్టుకోకుండా అన్నీ అతికాయి. ఇవాళ మీ బండికి ఏ షాపులో కొన్న బోల్టయినా పడుతోందంటే, దాని వంశవృక్షంలో ఈ వంద తుపాకులూ ఉన్నాయి. వ్యంగ్య వ్యాసంలో ఇలా మెచ్చుకోకూడదు, క్షమించాలి.

లోపం లేకపోలేదు. దిమ్మకీ గొట్టానికీ మధ్య సన్నటి సందు. గుండు శత్రువుకి, సెగ సొంతదారుకి. దిమ్మ ఊడొస్తుంది కూడా. మెక్సికో యుద్ధంలో సిపాయిలు దాన్ని జేబులో వేసుకుని, సారా కొట్లలో పిస్తోలుగా వాడారు.

అసలు వైభవం 1861లో. అంతర్యుద్ధం మొదలైంది, తుపాకులకి కటకట. సరిగ్గా ఆ సమయంలోనే ప్రభుత్వం ఐదు వేల హాల్ కార్బైన్లని, అంటే ఆ తుపాకుల్లోనే పొట్టి రకాన్ని, పాత సామాను కింద ఒక్కోటి మూడున్నర డాలర్లకి ఆర్థర్ ఈస్ట్‌మన్‌కి అమ్మింది. ఆయన పన్నెండున్నరకి సైమన్ స్టీవెన్స్‌కి అమ్మాడు. స్టీవెన్స్ జేబులో పైసా లేదు. జె.పి. మోర్గాన్ అనే కుర్ర వ్యాపారి ఇరవై వేలు అప్పిచ్చాడు. గుండు తిన్నగా పోయేలా గొట్టాల్లోపల చారలు కోయించి, ఇరవై రెండు చొప్పున సెయింట్ లూయీలోని జనరల్ ఫ్రీమాంట్‌కి అంటగట్టారు. ఫ్రీమాంట్ ఎవరి జనరల్? ఆ ప్రభుత్వానిదే.

దిమ్మ తెరిచింది ఖజానా, మందు పోసింది ఖజానా, సెగ తగిలింది కూడా ఖజానాకే. కాంగ్రెస్ కమిటీ విచారించి నిప్పులు చెరిగింది. బాకీలో కొంత బిగబట్టారు. స్టీవెన్స్ దావా వేశాడు. 1867లో కోర్టు ఒప్పందం ఒప్పందమేనని తేల్చి, మిగిలిన సొమ్ము ఇప్పించింది.