రికార్డు పుస్తకానికి జేజేలు

మన ఇంజినీరింగ్ కళాశాలలు పిల్లలను ఉద్యోగానికి తయారు చేయడం లేదని గిట్టనివాళ్లు గోల చేస్తుంటారు. ల్యాబ్ ప్రయోగాలు రాసి సంతకం పెట్టించుకునే రికార్డు పుస్తకం ఒక్కటి విప్పి చూసి ఉంటే ఆ మాట అనేవారు కారు.

కంప్యూటర్ సైన్స్ విద్యార్థినే తీసుకోండి. ప్రోగ్రామును గీతల పేజీలో చేత్తో రాస్తాడు. కంప్యూటర్ ఇవ్వాల్సిన జవాబును కూడా, పాపం దాన్ని శ్రమ పెట్టడం ఎందుకని, ఎడమవైపు తెల్ల పేజీలో పెన్సిలుతో తానే రాసి, స్కేలు పెట్టి చుట్టూ గడి గీస్తాడు. కరెంటు ఖర్చు లేదు, వైరస్ భయం లేదు. మరి ఆ ప్రోగ్రాము ఎక్కడిది? ముందు బెంచీ అమ్మాయి రికార్డులోది. ఆమెకు సీనియర్ ఇచ్చింది, ఆ సీనియర్‌కు మరో సీనియర్. వేదం గురుముఖంగా వచ్చినట్టు వస్తోంది. ఎనిమిదో ప్రయోగంలో ఎవరో పూర్వీకుడు ఒక సెమికోలన్ మింగేశాడు. ఆ లోపాన్ని సైతం ప్రతి బ్యాచీ భద్రంగా కాపాడుకొస్తోంది. ప్రోగ్రాము నడవదు గాని, ఎర్ర సిరా సంతకంతో రికార్డు నడిచిపోతుంది. దస్తూరీ బాగున్నవాడికి మార్కులూ బాగుంటాయి. (నాకు తక్కువ వచ్చింది అందుకే. తెలివితో దానికి సంబంధం లేదు.)

నాలుగో ఏట ప్రాజెక్టు. అది కంప్యూటర్ కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ హైదరాబాద్ అమీర్‌పేటలో, మైత్రీవనం పరిసరాల్లో రెడీమేడ్ చొక్కాలా దొరుకుతుంది. బేరమాడితే వైవాలో ఏం చెప్పాలో కూడా నేర్పి పంపుతారు.

పట్టా పుచ్చుకున్నాక మళ్లీ అదే వీధి. 160 క్రెడిట్లు పోగేసినా పట్టుబడని జావా, పైథాన్ అక్కడ రెండు మూడు నెలల్లో పట్టుబడతాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కళాశాలకు వెళ్తుంది, అదీ తీరిగ్గా. చదువు దొరికే చోట మాత్రం నాన్న రొక్కం పెట్టాలి. 2008లో జేఎన్‌టీయూను విడదీసి హైదరాబాద్, కాకినాడ, అనంతపురాలకు తలా ఒక విశ్వవిద్యాలయం పంచిన పెద్దలు అమీర్‌పేటను ఎలా మరిచారో! ఇప్పటికైనా మించిపోయింది లేదు. ఇరుకు హాస్టల్ గదికి నాలుగు క్రెడిట్లు, జిరాక్స్ మెటీరియల్‌కు రెండు ఇచ్చి, స్నాతకోత్సవం మైత్రీవనం ముందే జరిపించవచ్చు. ట్రాఫిక్ ఎలాగూ ఆగే ఉంటుంది.

మా మేనల్లుడికి ఈ మధ్యే ఉద్యోగం వచ్చింది. మొదటి రోజున పాత ప్రోగ్రాము ఒకటి చేతికిచ్చి, పేర్లు మార్చి మక్కికి మక్కి దించమన్నారట.

"ఎడమవైపు పేజీ ఖాళీగా వదలాలా సార్?" అని అడిగాడట వాడు.